రెండోసారి తొక్కితేగానీ ఆగని కారు

మా అక్క మొగుణ్ణి వీధిలో అందరూ మేనేజరు అంటారు. ఆయన కింద పనిచేసే మనిషి ఒక్కడూ లేడు. చంకలో తోలుసంచి, జేబులో రెండు పెన్నులు, నోట్లో ఎప్పుడూ 'నేను చెప్పానా లేదా' అనే మాట. వాటి వల్ల వచ్చిన పేరది. ఆ మేనేజరు బావ వల్లే నేను రోడ్డున పడ్డాను. ఈ మాట ఎవరి ముందైనా అంటాను, ఆయన ముందే అన్నాను. మా అక్క నాతో మాటలు మానేసింది కూడా అందుకే. మాననీ.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. బావ వాళ్ల సందులో మోకాళ్ల దాకా నీళ్లు నిలిచాయి. పిల్లల్ని బడికి తిప్పడానికి ఆయన కొన్న వ్యాను కొత్తగానే ఉంది, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. ఓ సాయంత్రం దాన్ని తెచ్చి మా షెడ్డులో పెట్టాడు.

"వానలు తగ్గేదాకా మామయ్యా" అన్నాడు మా నాన్నతో.

నన్ను అడగలేదు. షెడ్డు నాన్నది, పని నాది. ఏడో తరగతిలో బడి మానేసి అక్కడే రెంచి పట్టుకున్నాను. ఇరవై ఏళ్లప్పుడు ఓ స్ప్రింగు ఎగిరొచ్చి ఎడమ కన్ను పోయింది. అప్పట్నుంచీ బళ్లు బాగుచేయడమే గానీ రోడ్డు మీద నడిపే లైసెన్సు నాకు లేదు. షెడ్డు ముందు సగంలో నా పని. వెనక సగంలో నాన్న ఎర్రకారు.

అది రెండు సీట్ల కారు. పందేల కోసం చేసిన జాతి. నేను పుట్టకముందు నాన్న దాన్ని తుక్కు కింద కొని, నాలుగేళ్లు కూర్చుని ప్రాణం పోశాడు. పొడుగాటి బానెట్, నేలకి జానెడెత్తులో కడుపు, పైకప్పు బదులు గుడ్డ. వాన పడితే నీళ్లు ముందు డ్రైవరు ఒళ్లోకే వస్తాయి. దాని బ్రేకులకి కావలసిన రబ్బరు వాషర్లు బజారులో దొరకడం మానేసి ఓ తరం గడిచింది. నాన్న లారీ రబ్బరు తెచ్చి, పంచితో కొట్టి, గరుకు కాగితంతో అరగదీసి తనే చేసుకునేవాడు. ఎంత బాగా చేసినా మొదటిసారి తొక్కితే పెడలు నేలదాకా పోయేది. రెండోసారికి లేచి వచ్చేది. అప్పుడుగానీ కారు ఆగేది కాదు. నలభై ఏళ్లుగా నాన్న కాలికి అదే బ్రేకు.

వ్యాను వచ్చి పక్కన నిలబడ్డ రోజే మాటల పోటీ మొదలైంది.

"మామయ్యా, ఈ రెంటినీ పక్కపక్కన చూస్తే సంసారి పక్కన నాటకాలాడేవాడు కూర్చున్నట్టుంది" అన్నాడు బావ.

"నాటకాలవాణ్ణి చూడ్డానికి జనం వస్తారల్లుడూ. సంసారిని ఎవరు చూస్తారు?"

"జనం చూస్తే పిల్లలు బడికి చేరతారా? నా దాంట్లో ఏడుగురు పడతారు. మీ దాంట్లో ఇద్దరెక్కితే మూడోవాడు గొడుగేసుకుని వెనక నడవాలి."

"మూడోవాణ్ణి ఎక్కించుకోవద్దనే దాన్ని అలా చేశారు."

నేను పడీపడీ నవ్వాను. బావ మొహం చిన్నబోయింది.

ఆ వారంలోనే ఉంగరాలాయన వచ్చాడు. పాతకార్లు కొని అమ్మే మనిషి, వేలికో ఉంగరం. ఏడాదికోసారి వచ్చి ఎర్రకారు చుట్టూ తిరిగి, బేరం పెట్టి, నాన్న కాదంటే టీ తాగి వెళ్లిపోతాడు. ఈసారి వ్యాను వైపు కూడా ఓ చూపు విసిరాడు.

"ఇలాంటివి షోరూము గేటు దాటినప్పుడే సగం చచ్చిపోతాయండీ. అదిగో, ఆ ఎర్రది మాత్రం రోజుకింత బతుకుతోంది."

"చచ్చిందో బతికిందో గానీ మా ఇంట్లో నలుగురి కడుపులు నింపుతోంది ఇది" అన్నాడు బావ. "మీ బతికిన కారు ఇప్పటిదాకా ఒక్క మనిషికి అన్నం పెట్టిందా?"

నాన్న తాళాలు తీసి, "ఎక్కు అల్లుడూ" అన్నాడు.

వాన వెలిసిన కాసేపట్లో ఇద్దరూ వీధి చివరిదాకా వెళ్లొచ్చారు. తిరిగొచ్చేసరికి బావ రెండు చేతులూ తలుపు అంచుని పట్టుకుని ఉన్నాయి.

"పెడలు నేలకి తగిలింది. నా కళ్లతో చూశాను."

"మొదటిసారి అలాగే పోతుంది. అది పలకరింపు. తర్వాత వింటుంది."

"వినేలోపు గోడ వస్తేనో?"

"గోడ వస్తుందని ముందే కనిపెట్టాలి. అందుకే కళ్లిచ్చాడు దేవుడు."

"నా వ్యానులో అయితే ఒక్కసారి తొక్కి పట్టుకోవడమే మామయ్యా. ఎంత వానైనా, మిగతాది అదే చూసుకుంటుంది."

"అన్నీ అదే చూసుకుంటే ఇంక డ్రైవరెందుకు? సిమెంటు బస్తా కూర్చోబెట్టు."

ఆ రోజు బావ కూడా నవ్వాడు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, కారు బానెట్ మీద చెయ్యేసి, "ఏమైనా అందగత్తే" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేని చివరి సాయంత్రం అదే.

తర్వాత నాలుగు రోజులకే బావ నాచు పట్టిన మెట్టు మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మోచేతి దాకా కట్టు. మర్నాడు పొద్దున్నే అక్క షెడ్డుకొచ్చింది, చెప్పులకి బురదతో.

"నాన్నా, రెండ్రోజులు బండి రాకపోతే ఆ తల్లిదండ్రులు వేరే వ్యాను చూసుకుంటారు. ఓసారి పోయిన పిల్లలు మళ్లీ రారు. ఇంకా వాయిదాలు తీరలేదు ఆ బండికి."

"డ్రైవర్ని పెట్టుకోండి" అన్నాను నేను.

"వచ్చేదంతా డ్రైవరుకిస్తే మేం ఏం తినాలిరా?"

నాన్న చేతులు తుడుచుకుంటూ, "నేను నడుపుతాలేమ్మా" అన్నాడు.

"నీకు ఆ బండి అలవాటు లేదు నాన్నా" అన్నాను.

"గేర్లు కూడా లేని బండికి అలవాటేంట్రా."

బావ ఆయన్ని సంత మైదానానికి తీసుకెళ్లాడు. నాకు ఓ లారీ గేరుబాక్సు విప్పి ఉంది, వెళ్లలేదు. ఆ గేరుబాక్సు మూత బిగించేలోపే ఇద్దరూ తిరిగొచ్చేశారు.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాను.

"మామయ్యకి నేర్పేదేముంది బామ్మర్దీ. నేను పుట్టకముందు నుంచీ స్టీరింగ్ పట్టుకున్న మనిషి" అన్నాడు బావ.

ఈ మాట నేను మర్చిపోలేదు. చచ్చేదాకా మర్చిపోను.

నాన్న బాగానే నడిపాడు. బాగా నడపడమే కాదు, ఆ వ్యాను మీద మోజు పడ్డాడు. నాకది మింగుడుపడలేదు. పొద్దున్నే లేచి దాని అద్దాలు తుడిచేవాడు. పిల్లలు ఆయన్ని తాతయ్యా అని పిలిచేవాళ్లు. ఓ పిల్లాడు నిద్రమొహంతో ఎక్కి ఆయన భుజం మీద తల వాల్చేవాడట. అది చెప్పి మురిసిపోయేవాడు.

"దీంట్లో వాన బయటే ఉంటుందిరా" అన్నాడోరోజు, అదేదో కొత్త సంగతి కనిపెట్టినట్టు. "మాట్లాడితే వెనక సీటువాడికి కూడా వినపడుతుంది. మీ అమ్మ ఉన్నప్పుడు ఇలాంటిది ఉంటే బావుండేది. పాపం, ఆ ఎర్రదాంట్లో ఎక్కితే నడుం పట్టేసిందని ఏడ్చేది."

"అప్పుడనలేదేం?"

"అప్పుడు నాకు ఇంజను చప్పుడు తప్ప ఏం వినపడేది."

ఎర్రకారు మీద టార్పాలిన్ కప్పేశాడు. స్టార్ట్ చేసి చూడటం కూడా మానేశాడు. వ్యాను పక్కన అది దుప్పటి కప్పుకున్న రోగిలా ఉండేది. నేనే మధ్యమధ్యలో వెళ్లి బ్యాటరీ తీగలు బిగించి వచ్చేవాణ్ణి.

మా షెడ్డు పల్లం దారికి సగంలో ఉంటుంది. కింద మలుపులో దర్జీ కొట్టు. కొట్టంటే నాలుగు చెక్కలు, ఓ కుట్టుమిషను, పైన రేకుకి కట్టిన పట్టా. నా పని చొక్కాలన్నీ ఆయనే కుట్టేవాడు, జేబు పెద్దది పెట్టమంటే "ఇందులో ఇంజను పెట్టుకుంటావా ఏంటి" అనేవాడు. నెమ్మదైన మనిషి.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. పిల్లలందర్నీ దింపి నాన్న ఖాళీ వ్యానుతో వస్తున్నాడు. మలుపు దాటి, బావ వాళ్ల సందు మొదట్లో ఆగి ఆయనకి బండి చూపించి, మళ్లీ షెడ్డుకి తేవాలి. నేను గుమ్మంలో నిలబడి బీడీ వెలిగించుకుంటున్నాను. నన్ను చూసి చెయ్యి ఊపాడు. వ్యాను నన్ను దాటి కిందికి దిగింది.

దర్జీ పట్టా నీళ్లతో నిండి కిందికి జారింది. ఆయన కర్ర తీసుకుని రోడ్డు మీదకొచ్చి, వీపు ఇటు పెట్టి, ఆ నీళ్లని పైకి నెడుతున్నాడు.

వ్యాను వెనక ఎర్ర దీపాలు వెలిగాయి. ఆరాయి. మళ్లీ వెలిగాయి, మళ్లీ ఆరాయి. ఇంకోసారి.

నాకున్నది ఒక్క కన్నే. దాంతోనే చూశాను. బ్రేకు పాడైన బండికి దీపాలు అలా వెలగవు. తొక్కి వదిలే కాలికే అలా వెలుగుతాయి. బీడీ ఎప్పుడు పారేశానో తెలీదు, వానలో పరిగెత్తుతున్నాను.

చప్పుడు పెద్దగా రాలేదు. కుట్టుమిషను పడిన చప్పుడే ఎక్కువ.

బావ ఇంట్లోంచి కట్టుచేత్తోనే వచ్చాడు. ఆయనా నేనూ కలిసి దర్జీని అదే వ్యానులో పడుకోబెట్టాం. వెనక సీట్లు మడిస్తే మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత చోటు ఉంది. పక్కవీధి ఆటోవాడు నడిపాడు. నాన్న రోడ్డు మీదే నిలబడ్డాడు. నేను చెయ్యి పట్టుకుంటే నా వైపు చూసి, "అదిరిందిరా" అన్నాడు.

"ఏంటి?"

"పెడలు. కాలి కింద గరగరమని అదిరింది. ఏదో విరిగిందనుకుని తీసేశాను. మళ్లీ తొక్కాను."

కొత్త బళ్లలో జారే రోడ్డు మీద గట్టిగా తొక్కితే అలాగే అదురుతుంది. చక్రాలు బిగుసుకుపోకుండా బండి తన పని తాను చేసుకుంటోందని దానర్థం. కాలు తీయకూడదు. తీస్తే చేస్తున్న పని ఆపేస్తుంది. నాకు తెలుసు, బావకి తెలుసు. ఆ రోడ్డు మీద తెలియనివాడు మా నాన్న ఒక్కడే అనుకున్నాను నేను.

చీకటి పడేలోపు దర్జీ పోయాడు.

ఆసుపత్రి వరండాలో, ఇంకా దర్జీ భార్య రానైనా రాకముందే, బావ నోరు తెరిచాడు.

"నేను చెప్పాను. అదురుతుంది, వదలొద్దు అని చెప్పానా లేదా మామయ్యా?"

నాన్న గోడకి ఆనుకుని నిలబడి తన కుడికాలి చెప్పునే చూస్తున్నాడు. పలకలేదు.

"ఎప్పుడు చెప్పావ్?" అన్నాను. "నేర్పేదేముంది అన్నావు కదా. నా ముందే అన్నావు."

"అది మాటవరసకన్నాను."

"మాటవరసకి మనిషి పోయాడు బావా."

"ఒరేయ్, ఇక్కడ కాదు" అంది అక్క ఏడుస్తూ. "ఇప్పుడు కాదురా."

పోలీసుల పని పోలీసులు చేసుకున్నారు. బీమా మనిషి వచ్చి, పిల్లల బండి నడపడానికి నాన్న పేరు ఎక్కడా లేదు కాబట్టి తమకేం సంబంధం లేదని తేల్చేశాడు. ఇక దర్జీ కుటుంబానికి ఎవరో ఒకరు ఇచ్చుకోవాలి. బావకున్నది వ్యాను. మాకున్నది షెడ్డు, అందులో ఆ కారు.

కర్మలన్నీ అయ్యాక దుకాణాల సంఘం గదిలో కూర్చున్నాం. పెద్దమనిషిగా ఇనుపసామాన్ల కొట్టాయన కూర్చున్నాడు. దర్జీ భార్య ఓ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కుట్టడం పూర్తికాని బట్టలు. గదిలోకి వస్తుంటే కూడా ఎవరో వాళ్ల లంగా సంగతి అడిగారట.

"నాకు బండి సంగతులు తెలీవండీ" అందామె. "ఎవరు తొక్కారో ఎవరు వదిలారో మీరే తేల్చుకోండి. నాకు ముగ్గురు పిల్లలు. పెద్దదానికి పదకొండు. ఇంకేం చెప్పను."

ఇనుప కొట్టాయన గొంతు సవరించుకున్నాడు.

"రెండే దారులు. ఎలా నడపాలో చెప్పకుండా బండి చేతికిచ్చి ఉంటే తప్పు బండిగలాయనది, వ్యాను అమ్మి ఇవ్వాలి. చెప్పినా వినకుండా నడిపుంటే తప్పు పెద్దాయనది. అప్పుడు షెడ్డు పోతుంది. అందరికీ సమ్మతమేనా?"

అందరూ తలలూపారు. నేనే ముందు లేచాను. ఆ మైదానం సంగతి, గేరుబాక్సు మూత బిగించేలోపే తిరిగొచ్చిన సంగతి, 'నేర్పేదేముంది' అన్న మాట, అంతా చెప్పాను. చదువు లేనివాణ్ణే గానీ ఆ రోజు నా నోటికి మాట తడబడలేదు. ఇనుప కొట్టాయన బావ వైపు తిరిగాడు.

"ఆ మాట అన్నారా?"

"అన్నానండీ. మర్యాదకి అన్నాను."

"మర్యాదకి" అన్నారెవరో వెనక నుంచి. ఒకరిద్దరు నవ్వారు. గది నా వైపు ఒరుగుతోందని తెలుస్తోంది. అక్క కొంగు అంచు దారాలు పీకుతూ నేల చూస్తోంది. వ్యాను పోతే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో నాకూ తెలుసు. అయినా మెకానిక్‌కి షెడ్డు పోవడమంటే ఏంటో అక్కకి తెలీదు కదా.

ఇక తేలిపోయినట్టే. పద్ధతి కోసం ఇనుప కొట్టాయన నాన్నని అడిగాడు.

"మీకు ఎవరూ చెప్పలేదు కదండీ?"

నాన్న కుర్చీలో కొంచెం ముందుకి జరిగాడు.

"చెప్పాడు."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. తీసేశాడు.

"మైదానంలో రెండుసార్లు ఆపించి మరీ చూపించాడు. అదురుతుంది మామయ్యా, కాలు తీయొద్దు అన్నాడు. సరే అన్నాను. సరే అన్నది నేను. కాలికి అది ఎక్కలేదు."

ఎవరి ఫోనో మోగింది. ఆపేశారు. బావ తల ఎత్తలేదు. కట్టుచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్లోకి లాక్కున్నాడు. 'నేను కూడా కొంత ఇస్తాను' అని ఒక్క మాట అంటాడేమోనని చూశాను. జేబులో రెండు పెన్నులున్న మనిషి, నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

ఇంటికి నడిచే వచ్చాం. చినుకులు పడుతున్నాయి.

"ఎందుకు చెప్పావు నాన్నా?"

"అడిగాడు కదరా."

"ఆసుపత్రిలో బావ అడిగితే పలకలేదే."

"వాడు తనకోసం అడిగాడు. ఇవాళ దర్జీ భార్య ఎదురుగా కూర్చునుంది."

"నేనెక్కడ పనిచేయాలి?"

"నీకు పని వచ్చు. ఎక్కడైనా చేస్తావు."

"ఎవడి కింద?"

వీధిలో అందరూ మా నాన్నని నీతిగల మనిషి అంటారు. నిజమే. ఆ నీతికి అద్దె కట్టేది మాత్రం నేను. అప్పుడూ బావ మీదే కోపం వచ్చింది నాకు, ఇప్పుడూ ఆయన మీదే. రెండుసార్లు చూపించాడట. నలభై ఏళ్ల కాలికి రెండుసార్లు సరిపోతుందని ఏ మేనేజరు లెక్క వేశాడు? నెల రోజులు పక్కన కూర్చోవలసింది. ఆయనకి విరిగింది చెయ్యి, నోరు కాదు.

ఉంగరాలాయన వానలు తగ్గకముందే వచ్చాడు. టార్పాలిన్ తీయించి, కారెక్కి, బ్రేకు తొక్కి చూశాడు. పెడలు నేలకి పోయింది.

"ఇవి అసలు రబ్బర్లు కావు కదండీ. ఇంటి తయారీ" అని మొహం అదోలా పెట్టాడు. ఏళ్ల తరబడి తనే పెంచుతూ వచ్చిన బేరాన్ని అక్కడికక్కడే దించేశాడు. కారొక్కటే అమ్మితే దర్జీ భార్యకి చెప్పిన మాట నిలబడదు. షెడ్డు కూడా ఆయనే తీసుకున్నాడు. నాన్న సంతకం పెట్టి, తాళాలు బల్ల మీద పెట్టి, "రెండోసారి తొక్కితేగానీ వినదు, జాగ్రత్త" అన్నాడు. ఆయన నవ్వి, "విదేశాల నుంచి తెప్పిస్తానండీ, ఒక్కసారికే ఆగుతుంది" అన్నాడు.

ఎర్రకారుని ఆయన ఎక్కడికీ తీసుకెళ్లలేదు. షెడ్డుకి అద్దాల తలుపు పెట్టించి, లోపల దీపాలు వేయించి, దాన్ని అక్కడే నిలబెట్టాడు. నా పనిబల్ల ఉన్నచోట పూలకుండీలు. నాన్న ఆ వీధి మొహం చూడడు, ఎంత దూరమైనా చుట్టు తిరిగే వెళ్తాడు. ఏ బండీ ఎక్కడు. నేను ఓ పెద్ద సర్వీసు సెంటర్‌లో జీతానికి చేస్తున్నాను, అన్నీ వ్యాన్లే వస్తాయి అక్కడికి. నాకంటే సగం వయసు సూపర్‌వైజరు నన్ను 'ఏమోయ్' అంటాడు.

పోయిన నెల మేనేజరు బావ వ్యాను నా వంతుకే వచ్చింది. బ్రేకు ప్యాడ్లు అరిగాయి, మార్చాను. ఆయన బయట బెంచీ మీద సంచి పెట్టుకుని కూర్చున్నాడు. అద్దంలోంచి నన్ను చూశాడు, లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. నేను చేతులు కడుక్కుని భోజనానికి వెళ్లిపోయాను.

మా షెడ్డు వెడల్పు ముప్పై రెండు అడుగులు. పొడవు యాభై నాలుగు. రోడ్డు వైపు గోడతో, పైన రేకులతో సహా నూట తొంభై రెండు గజాలు.